మూడు వందల ఏళ్ల నాటి వయల్‌ను మళ్లీ చేయడమంటే ఏమిటి?

ఐరోపాలోనో అమెరికాలోనో నేడు వయల్ అనే పాత కమాను వాద్యాన్ని వాయించే కళాకారుల్లో అత్యధికుల చేతుల్లో ఉండేది పాత వాద్యం కాదు. ఏదో ఒక పాత వాద్యాన్ని చూసి, కొలిచి, ఈ కాలపు పనివారు చేత్తో చేసిన ప్రతి అది. కచేరీ కరపత్రంలో దాన్ని పాత వాద్యనిర్మాతల పేర్లతో "బారక్ నార్మన్ నమూనా" అనో "కొలిషోన్ నమూనా" అనో రాస్తారు. చదివినవారికి ఎక్కడో మ్యూజియంలో ఒక వాద్యం ఉందనీ, దాన్ని ఉన్నదున్నట్లుగా మళ్లీ చేశారనీ అనిపించడం సహజం. అయితే మ్యూజియంలో ఉన్న ఆ వాద్యం తయారైననాటి రూపంలో దాదాపు ఎన్నడూ ఉండదు. దాని మెడ మారి ఉంటుంది, లోపలి బద్దలు మారి ఉంటాయి, కొన్నిసార్లు ఒంటి కొలతలే మారిపోయి ఉంటాయి. అందువల్ల ఎలా చేయాలన్న ప్రశ్నకు ముందే, అసలు దేన్ని చేయాలన్న ప్రశ్నకు పనివారు సమాధానం వెతుక్కోవలసి వస్తుంది. ఈ రెండో ప్రశ్నను అర్థం చేసుకుంటే తప్ప చేతిపనిగా సాగే ఈ వాద్యనిర్మాణంలోని కష్టం గానీ విలువ గానీ తెలియదు.

ముందు వాద్యం గురించి కొంత చెప్పుకోవాలి. వయల్‌కు ఇటలీ పేరు వియోలా ద గంబా. పెద్దదైనా చిన్నదైనా దాన్ని కాళ్ల మధ్య నిలిపి, లేదా ఒడిలో ఆనించి, నిటారుగా పట్టుకొని కమానుతో వాయిస్తారు. పేరులోని పోలికను బట్టి చాలామంది దీన్ని వయొలిన్‌కు పూర్వరూపంగా భావిస్తారు గానీ అది సరికాదు. ఈ రెండూ దాదాపు ఒకే కాలంలో పుట్టి, రెండు శతాబ్దాలకు పైగా పక్కపక్కనే బతికిన వేర్వేరు కుటుంబాలు. వయొలిన్‌కు నాలుగు తీగలు, వయల్‌కు సాధారణంగా ఆరు. వయొలిన్ మెడ నున్నగా ఉంటుంది. వయల్ మెడ మీద గొర్రె పేగుతో కట్టిన ఏడు మెట్లు ఉంటాయి. వయొలిన్ వెనుక పలక ఉబ్బెత్తుగా ఉంటే, వయల్ వెనుక పలక చదునుగా ఉండి, పైభాగంలో మాత్రం మెడ వైపు ఒక మడత తిరుగుతుంది. కమానును అరచేయి పైకి ఉండేలా పట్టుకుంటారు. తీగల శ్రుతి కూడా వేరు. బాస్ వయల్‌లో, అంటే కింది స్థాయిలో పలికే పెద్ద వయల్‌లో, పాశ్చాత్య స్వరాల పేర్లతో చెబితే కింది నుంచి డి, జి, సి, ఈ, ఏ, డి అని ఆరు తీగలు ఉంటాయి. పక్కపక్క తీగల మధ్య షడ్జం నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్నంత అంతరం, నడిమి రెండింటి మధ్య మాత్రం షడ్జం నుంచి అంతర గాంధారానికి ఉన్నంత అంతరం ఉంటుంది. అన్నిటికంటే పైదైన మొదటి తీగకూ, అన్నిటికంటే కిందిదైన ఆరో తీగకూ మధ్య సరిగ్గా రెండు స్థాయిల దూరం. ఈ రెండు స్థాయిల సంగతి ముందు ముందు చాలా అవసరమవుతుంది.

వయల్ 15వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో స్పెయిన్‌లోని వలెన్సియా, అరగాన్ ప్రాంతాలలో రూపుదిద్దుకుందని అక్కడి చర్చిల బలిపీఠ చిత్రాలను బట్టి పరిశోధకులు నిర్ణయించారు. వలెన్సియా ప్రాంతానికి చెందిన బోర్జియా వంశీయుడు 1492లో ఆరవ అలెగ్జాండర్ పేరుతో పోప్ కావడం, ఆ వాద్యం ఇటలీకి చేరడానికి తోడ్పడింది. 16వ శతాబ్దంలో అది ఇంగ్లండ్ చేరి, చిన్నవీ పెద్దవీ కలిపి వాయించే బృందవాద్యంగా అక్కడ స్థిరపడింది. తర్వాత ఫ్రాన్స్‌లో మరాన్ మరే వంటి విద్వాంసుల చేతిలో ఏకవాద్యంగా శిఖరం చేరింది. 1787లో లండన్‌లో వయల్ విద్వాంసుడు కార్ల్ ఫ్రీడ్రిష్ ఆబెల్ మరణించేనాటికి ఆ సంప్రదాయం దాదాపు ముగిసిపోయింది. సుమారు వంద సంవత్సరాల పాటు దాన్ని వాయించేవారు గానీ చేసేవారు గానీ లేనంత తక్కువయ్యారు. గురువు నుంచి శిష్యుడికి చేతిలోంచి చేతిలోకి అందవలసిన పనితనం మధ్యలో తెగిపోయిన వాద్యం ఇది. నేటి పనివారి ఇబ్బందులన్నింటికీ మూలం ఇక్కడే ఉంది.

అసలు వాద్యాలు అసలు రూపంలో ఎందుకు లేవు

వయల్ వాడుక తగ్గి, వయొలిన్ కుటుంబానికి చెందిన సెల్లో, వయొలాల వాడుక పెరిగిన కాలంలో మంచి చెక్కతో, మంచి పనితనంతో చేసిన వయల్‌లను ఎవరూ పారేయలేదు. వాటిని మార్చుకున్నారు. ఏడు తీగల ఫ్రెంచి బాస్ వయల్‌కు ఉన్న వెడల్పాటి మెడను తీసేసి, నాలుగు తీగల సన్నటి మెడ బిగిస్తే అది సెల్లో అయింది. చిన్న వయల్‌లు వయొలాలయ్యాయి. ఒళ్లు మరీ పెద్దదనిపిస్తే అంచులు కోసి చిన్నది చేశారు. మానవ ముఖమో సింహ ముఖమో చెక్కిన అందమైన తల మిగిలితే, దాన్ని ఇంకో వాద్యానికి అతికించారు. 19వ శతాబ్దం చివర పాత సంగీతం మీద ఆసక్తి మళ్లీ పుట్టాక ఇదే వ్యవహారం వెనక్కి నడిచింది. సెల్లోలుగా మారినవాటిని తిరిగి వయల్‌లుగా మార్చారు. ఆ పని చేసినవారు తమ కాలపు ఊహను బట్టి మెడలు, తీగలను ఎత్తిపట్టే బ్రిడ్జిలు, తీగల కింది కొసలను పట్టి ఉంచే తోకపట్టీలు అమర్చారు. ఇలా ముందుకొకసారి, వెనక్కొకసారి మారిన వాద్యంలో ఏ ముక్క ఏ కాలానిదో చెప్పడం ఇంటి పునాదిని తవ్వి దాని వయసు చెప్పడం లాంటి పని.

దీనికి తోడు లోపల అంటించిన పేరుచీటీ నమ్మదగినది కాకపోవచ్చు. పాత వాద్యాల వ్యాపారం లాభసాటిగా మారినప్పటి నుంచీ, పేరున్న పనివారి చీటీలు పేరులేని వాద్యాలలోకి చేరుతూ వచ్చాయి. ఈ విషయంలో నేడు బాగా ఉపకరించేది చెక్కలోని వార్షిక వలయాల లెక్క. వయల్ ముందు పలక స్ప్రూస్ కలపతో చేస్తారు. ఆ పలక మీద కనిపించే సన్నటి గీతల వరుస, ఒక్కో గీత మధ్య దూరంతో సహా, ఆ చెట్టు పెరిగిన ప్రాంతపు వాతావరణ చరిత్రకు అనుగుణంగా ఉంటుంది. దాన్ని ఇప్పటికే కాలం తెలిసిన కలప వరుసలతో పోల్చి, పలకలోని చిట్టచివరి వలయం ఏ సంవత్సరానిదో చెప్పగలుగుతారు. ఆ సంవత్సరానికి ముందు వాద్యం తయారై ఉండే అవకాశం లేదు. ఎంత తర్వాత తయారైందన్నది మాత్రం ఈ పద్ధతి చెప్పదు. కాబట్టి ఒక చీటీ అబద్ధమని తేల్చడానికి ఇది గట్టి సాక్ష్యమే గానీ, ఒక చీటీ నిజమని రుజువు చేయడానికి మాత్రం చాలదు. ఈ తేడాను మరిచిపోయి రాసే రాతలు తరచుగా కనిపిస్తాయి.

మార్పులేవీ జరగని వాద్యం దొరికిందనుకున్నా, కాలం దాన్ని మార్చకుండా వదలదు. చెక్క పొడవునా దాదాపు కుదించుకోదు గానీ అడ్డంగా కుదించుకుంటుంది. కనుక మూడు శతాబ్దాల తర్వాత వాద్యపు పొడవు అలాగే ఉండి, వెడల్పు కొద్దిగా తగ్గుతుంది. తీగల ఒత్తిడికి ముందు పలక బ్రిడ్జి దగ్గర దిగబడుతుంది, మరోచోట ఉబ్బుతుంది. మరమ్మతు చేసినవారు పలకను లోపల నుంచి గీకి పల్చబరిచి ఉండవచ్చు, లేదా పగుళ్ల మీద చెక్క బిళ్లలు అంటించి మందం పెంచి ఉండవచ్చు. మ్యూజియంవారు అతి జాగ్రత్తగా తీసిన కొలతలు ఈ వాద్యపు నేటి స్థితిని చూపిస్తాయి. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియం తన వద్ద ఉన్న హిల్ సేకరణలోని వాద్యాలకు సాంకేతిక చిత్రపటాలు తయారు చేయించి అందుబాటులో ఉంచింది. అటువంటి పటాలు లేకపోతే మ్యూజియం గడప తొక్కలేని పనివారికి ఈ వృత్తే సాధ్యమయ్యేది కాదు. అయినా ఆ పటంలోని ప్రతి అంకెనూ ఉన్నదున్నట్లుగా చెక్కలోకి దించితే, ఒక వాద్యపు యవ్వనాన్ని కాక దాని వార్ధక్యాన్ని ప్రతి చేసినట్లవుతుంది. అందుకే దిగబడిన వంపును ఊహలో పైకి లేపి, కుదించుకున్న వెడల్పును ఊహలో తిరిగి చాచి, ఆ తర్వాతే మంచి పనివారు అచ్చు గీస్తారు.

ఊహకు ఊతంగా కొన్ని పాత గ్రంథాలు ఉన్నాయి. 1542లో వెనిస్‌లో గనాస్సి ప్రచురించిన బోధనా గ్రంథం, 1659లో క్రిస్టఫర్ సింప్సన్ ఇంగ్లండ్‌లో ప్రచురించిన గ్రంథం, 1676లో థామస్ మేస్ వెలువరించిన గ్రంథం వీటిలో ముఖ్యమైనవి. సింప్సన్ ఏకవాద్యంగా వాయించే బాస్ వయల్ బృందంలో వాయించే బాస్ కంటే కొంచెం చిన్నదిగా ఉండాలని చెప్పి, బ్రిడ్జి నుంచి మెడ చివరి గట్టు వరకు తీగ పొడవు 30 అంగుళాలు, అంటే సుమారు 76 సెంటీమీటర్లు ఉండాలని అంకెతో సహా చెప్పాడు. రెండు ఆకారాల బొమ్మలు వేసి, వాటిలో మొదటిదాని నాదం మెరుగని కూడా రాశాడు. మేస్ ఒక ఇంటికి కావలసిన వయల్‌ల పెట్టెలో రెండు బాస్‌లు, రెండు టెనర్‌లు (మధ్యరకంవి), రెండు ట్రెబుల్‌లు (చిన్నవి) ఒకదానికొకటి తగిన నిష్పత్తిలో ఉండాలన్నాడు. పాత పనివారిలో ఎవరు గొప్పవారో పేర్లు చెబుతూ, బోల్స్ అనే పనివాడి బాస్ ఒకటి 100 పౌండ్ల విలువ చేసిందని రాశాడు. ఆ రోజుల్లో అది సామాన్యమైన సొమ్ము కాదు. అయినా పలక మందం ఎంత, ముందు పలక అడుగున అంటించే లోపలి బద్ద ఎక్కడ, బంక ఎలా కాచాలి అనే విషయాల మీద ఈ గ్రంథాలు మౌనంగానే ఉన్నాయి. ఇవి వాయించేవారి కోసం రాసినవి. పనివారి రహస్యాలు దుకాణాలతోపాటే పోయాయి.

తీగ పొడవు ముందు, ఒళ్లు తర్వాత

వయల్ ప్రతి తయారీలో మొదట తేల్చవలసినది ఒంటి ఆకారమని అందరూ అనుకుంటారు. నా దృష్టిలో మొదట తేల్చవలసినది తీగ పొడవు. ఎందుకంటే పేగు తీగ కొన్ని భౌతిక నియమాలకు కట్టుబడి ఉంటుంది. ఆ నియమాలు 17వ శతాబ్దంలోనూ ఇవే, నేడూ ఇవే.

ఒక తీగను బిగిస్తూ పోతే ఏదో ఒక శ్రుతి దగ్గర తెగుతుంది. సన్నటి తీగ తక్కువ శ్రుతికే తెగుతుందనీ, లావు తీగ ఎక్కువ శ్రుతి దాకా ఆగుతుందనీ మనకు తోస్తుంది గానీ అది నిజం కాదు. తీగ లావైనకొద్దీ బలం ఎంత పెరుగుతుందో బరువూ అంతే పెరుగుతుంది. లావు తీగను అదే శ్రుతికి తేవాలంటే అంత ఎక్కువగా లాగాలి. చివరికి రెండూ సరిపోయి, తెగే శ్రుతి తీగ లావు మీద ఆధారపడకుండా పొడవు మీదా, పదార్థపు గట్టిదనం మీదా మాత్రమే ఆధారపడుతుంది. గొర్రె పేగుకు ఈ హద్దును ఇలా చెప్పవచ్చు: మీటర్లలో తీగ పొడవును, సెకనుకు దాని కంపనాల సంఖ్యతో గుణిస్తే వచ్చే ఫలితం సుమారు 240, 260ల మధ్యకు చేరినప్పుడు తీగ తెగుతుంది.

ఇప్పుడు సింప్సన్ చెప్పిన 76 సెంటీమీటర్లను తీసుకుందాం. నేటి పాత సంగీత బృందాలు ఒక ఒప్పందంగా పాటించే శ్రుతిలో 'ఏ' (A) అనే స్వరానికి సెకనుకు 415 కంపనాలు. ఆ లెక్కన బాస్ వయల్ పై డి తీగ సెకనుకు 277 సార్లు కంపిస్తుంది. రెంటినీ గుణిస్తే సుమారు 211. హద్దుకు దూరంగా, అయినా తీగ బాగా బిగిసి పలికేంత దగ్గరగా ఉంటుంది. అదే తీగ పొడవు 80 సెంటీమీటర్లై, శ్రుతి ఈనాటి సాధారణ 440 అయితే ఫలితం 235కు చేరుతుంది. తీగ ఎప్పుడు తెగుతుందో చెప్పలేని స్థితి అది. దీన్నిబట్టి, అంత పెద్ద బృంద వయల్‌లు మిగిలి ఉన్న చోట అవి 440 కంటే తక్కువ శ్రుతిలో పలికేవని ఊహించడానికి గట్టి కారణం ఉంది. వాద్యం తన శ్రుతిని తన కొలతల్లో రాసుకుని ఉంటుంది. కానీ ఆ వాద్యపు మెడ అసలుది కాకపోతే ఆ రాతే చెరిగిపోయినట్లు. మెడ మార్పిడి ఎంతటి నష్టమో ఇక్కడ తెలుస్తుంది.

పై హద్దు ఇలా ఉంటే కింది హద్దు మరో రకంగా ఇబ్బంది పెడుతుంది. మొదటి తీగకూ ఆరో తీగకూ మధ్య రెండు స్థాయిలు, అంటే కంపనాలలో నాలుగు రెట్ల తేడా. రెండు తీగలూ ఒకే బిగువులో ఉండాలంటే వట్టి పేగుతో చేసిన ఆరో తీగ మొదటిదానికి నాలుగు రెట్లు లావుగా ఉండాలి. పై తీగ 0.7 మిల్లీమీటర్లయితే కింది తీగ 2.8 మిల్లీమీటర్లు అవుతుంది. అంత లావు తీగ బిరుసెక్కి, మొద్దుగా పలుకుతుంది. అందుకే పేగును తాడులా పేని మెత్తదనం తెచ్చే పద్ధతులు వచ్చాయి. ఫ్రాన్స్‌లో దీనికింద 'ఏ' (A) స్వరం పలికే ఏడో తీగను కలిపారు. ఆ పని చేసింది ఫ్రెంచి వయల్ విద్వాంసుడు సెంట్ కొలోంబ్ అనీ, వెండి తీగ చుట్టిన తీగలను అక్కడ వాడుకలోకి తెచ్చిందీ ఆయనేననీ 1687లో జాన్ రూసో రాశాడు. ఈ రెండు సంగతులూ ఒకే మనిషికి ముడిపడి ఉండడం యాదృచ్ఛికంగా తోచదు. వట్టి పేగుతో ఆ ఏడో తీగ వేయాలంటే అదే లెక్కన 3.7 మిల్లీమీటర్ల లావు కావాలి, అది వాయించడానికి పనికిరాదు. పేగు మీద లోహం చుడితే లావు పెరగకుండా బరువు పెరుగుతుంది. కనుక ఏడు తీగల ఫ్రెంచి వయల్‌కు ప్రతి చేసేవారు చుట్టిన తీగలను నిస్సంకోచంగా వాడవచ్చు. 1600 ప్రాంతపు ఇంగ్లిష్ వయల్‌కు ప్రతి చేసి, దానికి అవే తీగలు బిగిస్తే మాత్రం కింది స్థాయి నాదం ఆ కాలానిది కాకుండా పోతుంది. వాయించేవారికి సౌకర్యం కోసం చాలామంది అలాగే చేస్తారు. అందులో తప్పేమీ లేదు, కాని ఆ సంగతి దాచకూడదు.

వంచిన పలక

ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగదలుచుకున్నాను. పోయిన విద్య తిరిగి దొరకడం ఎలా ఉంటుందో చూపించే ఉదాహరణ ఇది.

20వ శతాబ్దంలో వయల్‌లు మళ్లీ చేయడం మొదలుపెట్టినవారికి తెలిసిన పద్ధతి వయొలిన్, సెల్లోల పద్ధతి. మందపాటి స్ప్రూస్ దిమ్మెలు రెండింటిని అతికించి, బయట నుంచి ఉలితో చెక్కి వంపు తేవడం, తర్వాత లోపల తొలిచి పల్చన చేయడం. వయల్ ముందు పలకకూ వంపు ఉంది కాబట్టి దాన్నీ ఇలాగే చెక్కారు. అయితే ఇంగ్లండ్‌లో 17వ శతాబ్దపు వయల్‌లను మరమ్మతు కోసం విప్పి చూసిన పనివారికి విచిత్రమైన విషయాలు కనబడ్డాయి. ఆ పలకలో రెండు ముక్కలు కాక, సాధారణంగా ఐదో ఏడో నిలువు బద్దలు ఉన్నాయి. చెక్కి చేసిన వంపులో చెక్క నారలు పై అంచు దగ్గర, కింది అంచు దగ్గర తెగిపోయి ఉండాలి. ఇక్కడ నారలు వంపుతోపాటే వంగి ఒక కొస నుంచి మరో కొస వరకు తెగకుండా సాగాయి. ఇంగ్లండ్‌లో పనిచేసిన వాద్యనిర్మాత డీట్రిష్ కెస్లర్ ఈ పద్ధతిని 1982లో 'అర్లీ మ్యూజిక్' పత్రికలో వివరించాడు. పలకను చెక్కలేదు, పల్చటి బద్దలను వేడితో వంచి, ఒకదాని పక్కన ఒకటి అతికించి, ఆ తర్వాత మాత్రమే పైపైన చెక్కి వంపు పూర్తి చేశారు.

దీని ప్రాముఖ్యం స్ప్రూస్ కలప స్వభావంలో ఉంది. ఆ కలప నారల వెంట ఎంత బిగువుగా ఉంటుందో, నారలకు అడ్డంగా అందులో పదోవంతు కూడా ఉండదు. చెక్కిన పలకలో నారలు తెగిన చోట బలం తగ్గుతుంది కాబట్టి, తీగల ఒత్తిడి తట్టుకోవడానికి మందం పెంచాలి. వంచిన పలకలో నార పొడవునా అఖండంగా ఉంటుంది కనుక తక్కువ మందంతోనే అంతే బలం వస్తుంది. బరువు తగ్గితే పలక కమాను తాకగానే స్పందిస్తుంది. పాత ఇంగ్లిష్ వయల్‌ల నాదం గురించి చెప్పేటప్పుడు వినేవారు వాడే మాటలు చురుకు, స్పష్టత, గాలిలా తేలికదనం. 20వ శతాబ్దం మధ్యలో తయారైన అనేక వయల్‌లు సెల్లో పద్ధతిలో బరువుగా తయారై, మూసుకున్నట్లుగా పలికేవి. అంతకుముందు ఈ వాద్యాల పునరుజ్జీవనానికి ఇంగ్లండ్‌లోని హేసిల్‌మియర్‌లో జీవితం ధారపోసిన ఆర్నల్డ్ డోల్మెచ్‌ను గానీ, ఆయన తరంవారిని గానీ ఈ విషయంలో తప్పుపట్టడం అన్యాయం. అంతవరకు చేరిన జ్ఞానంతో వారు చేయగలిగింది వారు చేశారు. విప్పి చూసే అవకాశం వచ్చిన తర్వాతి తరం మరో అడుగు వేసింది.

ఈ పని చేత్తో ఎలా సాగుతుందో చెబుతాను. ఎంచుకున్న స్ప్రూస్ బద్దలను కావలసిన దానికంటే కొంచెం మందంగా చిత్రిక పడతారు. ఒక్కొక్కదాన్ని కొద్దిగా తడిపి, వేడెక్కిన ఇనుప గొట్టానికి ఆనించి, చేతుల ఒత్తిడితో నెమ్మదిగా వంచుతారు. వేడి ఎక్కువైతే చెక్క మాడుతుంది, తొందరపడితే విరుగుతుంది. నడిమి బద్ద వంపు ఒకలా, అంచు బద్దల వంపు మరోలా ఉంటుంది. అంచు బద్దలకు పొడవునా వంపుతోపాటు కొంత మెలిక కూడా కావాలి. ఇలా వంచిన బద్దల అంచులు ఒకదానికొకటి వెలుతురు దూరనంత కచ్చితంగా కలవాలి. వంపు తిరిగిన రెండు అంచులను అలా కలపడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే కష్టమైన ఘట్టమని నా నమ్మకం. అతికిన తర్వాత బయటి వైపు సన్నటి చిత్రికలతో, గీకుడు రేకులతో నునుపు చేస్తారు. చివరి మందం చాలా బాస్ వయల్‌లలో 3 నుంచి 4 మిల్లీమీటర్ల పరిధిలో ఉంటుంది.

ఆ చివరి మందం దగ్గరే చేతిపని ఎందుకు కావాలన్న ప్రశ్నకు జవాబు ఉంది. స్ప్రూస్ సాంద్రత ఒక్కో చెట్టుకు ఒక్కో రకంగా, ఘనపు మీటరుకు 350 కిలోల నుంచి 500 కిలోల వరకు ఉంటుంది. మ్యూజియం పటంలో 3.6 మిల్లీమీటర్లని ఉంటే, ఆ అంకె ఆ చెట్టుకు సరిపోయిన అంకె. తన చేతిలోని చెక్క అంతకంటే గట్టిదైతే పనివారు పల్చన చేయాలి, మెత్తదైతే మందం ఉంచాలి. పలకను రెండు వేళ్లతో పట్టుకుని వంచి చూస్తారు, తట్టి వింటారు, తూకం వేస్తారు, మళ్లీ గీకుతారు. అంకెను ప్రతి చేస్తే నాదం వేరవుతుంది. నాదాన్ని ప్రతి చేయాలంటే అంకెను వదులుకోవాలి. కంప్యూటర్ నడిపే మర దిమ్మెను ముతకగా చెక్కి ఇవ్వగలదు, కొందరు దాన్ని వాడుతున్నారు కూడా. అయితే ఈ చెక్కకు ఎక్కడ ఆగాలన్న నిర్ణయం ఇంకా వేళ్లకే తెలుసు.

వెనుక పలక, పక్క బద్దల పని ఇంతకంటే సూటిగా సాగుతుంది. వాటికి ఎక్కువగా మేపుల్ వాడతారు. వెనుక పలక చదునుగా ఉంటుంది కనుక లోపల అడ్డబద్దలు వేసి బిగువు ఇస్తారు. ముందు పలకకూ వెనుక పలకకూ మధ్య నిలిపే చిన్న కర్రకు ఆధారంగా వెనుక ఒక వెడల్పాటి పట్టీ ఉంటుంది. తొలినాటి ఇటాలియన్ వయల్‌లలో ఆ కర్ర అసలు ఉండేదా లేదా అన్నదానిపై వాదం ఇంకా సాగుతోంది. ఈ ఒక్క విషయంలో పనివారు ఏ పక్షం వహించారన్నదాన్ని బట్టి వాద్యపు స్వభావమే మారిపోతుంది. పక్క బద్దలు చాలా పల్చన కాబట్టి వాటి లోపలి వైపు నార గుడ్డ పట్టీలు అంటిస్తారు. అతకడానికి తోళ్లు కాచి తీసిన బంకనే వాడతారు. అది ఎండితే గట్టిగా పట్టుకుంటుంది, వేడినీటి తడితో మళ్లీ వదులుతుంది. వాద్యాన్ని ఎప్పుడైనా విప్పి బాగుచేసే వీలు ఉండాలంటే అంతకంటే మంచి బంక లేదు. కెస్లర్ తరం పాత వాద్యాలను చెడకుండా విప్పి చూడగలగడానికి కూడా పాత పనివారు వాడిన ఆ బంకే కారణం.

మెట్లు కదిలే మెడ

మెడను వెడల్పుగానే చేయాలి, కాని బొటనవేలికి బరువు తెలియకూడదు. అసలు మెడలు మిగిలినవి తక్కువ కనుక ఇక్కడ చిత్రాలే ఎక్కువ ఆధారం. మెట్ల విషయానికి వస్తే, మనకు తెలిసిన వీణలో మెట్లు మైనంలో స్థిరంగా ఉంటాయి. వయల్ మెట్లు మెడ చుట్టూ బిగించి కట్టిన పేగు ముడులు, కాబట్టి జరపవచ్చు. మొదటి మెట్టు తీగ పొడవులో 18వ వంతు దూరంలో, తర్వాతిది మిగిలిన పొడవులో 18వ వంతు దూరంలో, ఇలా వేయడం 16వ శతాబ్దంలోనే ఇటలీ సంగీతజ్ఞుడు విన్సెంజో గలీలీ చెప్పిన లెక్క. 76 సెంటీమీటర్ల తీగకు మొదటి మెట్టు 4.2 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. అయితే గాంధారాలు మరింత శుద్ధంగా పలకాలనుకున్న కాలంలో వాయించేవారు ఈ లెక్కను వదిలి, చెవిని బట్టి మెట్లను అటూ ఇటూ జరిపేవారు. అందువల్ల ప్రతి చేసే పనివారు మెట్లకు శాశ్వత స్థానాలు ఇవ్వకూడదు. 20వ శతాబ్దపు కొన్ని వయల్‌లకు గిటారులోలాగా లోహపు మెట్లు దిగ్గొట్టారు. అలాంటి వాద్యంలో స్వరం కచ్చితంగా ఉంటుంది, సంగీతం మాత్రం తన శ్రుతిని తానే సవరించుకునే స్వేచ్ఛ కోల్పోతుంది.

అలంకారం గురించి ఒకటి రెండు మాటలు చాలు. ఇంగ్లిష్ వయల్‌ల పలకల మీద నల్ల, తెల్ల చెక్క పోగులతో ముడుల ఆకారాలు పొదిగేవారు. హాంబర్గ్‌లో జోఆకిమ్ టీల్కె (1641–1719) చేసిన వయల్‌లలో దంతం, తాబేటి చిప్ప పనితనం కళ్లు చెదిరేలా ఉంటుంది. ఏనుగు దంతపు అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని 1989లో దేశాలు నిర్ణయించాయి. టీల్కె నమూనాకు ప్రతి చేసేవారు ఇప్పుడు ఎముకతోనో ఇతర పదార్థాలతోనో సరిపెట్టుకుంటారు. ఈ విషయంలో అచ్చంగా ప్రతి కావాలని పట్టుబట్టడం ఏ దృష్టితో చూసినా సమర్థనీయం కాదు. నాదానికి దంతంతో పని లేదు. చెక్కిన తలలు మాత్రం వేరు సంగతి. వాటిలో పనివారి చేయి స్వేచ్ఛగా తిరుగుతుంది. పాత ముఖాన్నే మళ్లీ చెక్కేవారు కొందరు, తమకు తోచిన ముఖాన్ని చెక్కేవారు మరికొందరు. పాత పనివారు కూడా రెండు వాద్యాలకు ఒకే ముఖం పెట్టాలని ప్రతిజ్ఞ చేసినవారు కాదు గనుక, నాకు రెండో మార్గమే ఎక్కువ నిజాయితీ గలదిగా తోస్తుంది.

వార్నిష్‌లో ఒక వివాదం ఉంది, అదే నన్ను కలవరపెడుతుంది. కొత్త వాద్యం మీద కావాలని గీతలు పెట్టి, అంచులు అరగదీసి, మురికి పట్టినట్లు రంగులు వేసి పాతదనం తెచ్చే అలవాటు కొందరిలో ఉంది. కొనేవారు అడుగుతారు కాబట్టి చేస్తామంటారు. కానీ 1697లో బారక్ నార్మన్ దుకాణం నుంచి బయటికి వచ్చిన వాద్యం కొత్తగా, నిగనిగలాడుతూనే ఉండి ఉంటుంది. నార్మన్ చేసిన పనిని మళ్లీ చేయాలనుకునేవారు ఆ కొత్తదనాన్ని కూడా మళ్లీ చేయాలి. మూడు వందల ఏళ్ల అరుగుదల నార్మన్ పని కాదు. అది వాయించినవారి పని. దాన్ని నకిలీ చేయడం చరిత్ర పట్ల గౌరవం చూపినట్లు పైకి కనబడినా, రేపు ఒక పరిశోధకుడిని తప్పుదారి పట్టించే ప్రమాదం అందులో ఉంది.

వాద్యాన్ని చేయించుకునేవారు పనివారిని అడగవలసిన ప్రశ్నలు కూడా దీనితోనే ముడిపడి ఉన్నాయి. మూల వాద్యం ఏ మ్యూజియంలో ఉంది? దాని మెడ అసలుదేనా? కాకపోతే తీగ పొడవును ఏ ఆధారంతో నిర్ణయించారు? పలక వంచినదా, చెక్కినదా? లోపలి బద్దను, నిలువు కర్రను ఎక్కడి నుంచి తీసుకున్నారు? ఏ శ్రుతికి, ఏ తీగలకు దీన్ని చేశారు? వీటికి తడుముకోకుండా సమాధానం చెప్పే పనివారు దొరికితే, ఆ సమాధానాల్లో కొన్ని "ఇది నా నిర్ణయం" అని ఉన్నా అనుమానించనక్కర్లేదు. ఆ నిర్ణయాలను కాగితం మీద రాయించి వాద్యంతోపాటు ఉంచుకోవడం మంచిది. లోపలి చీటీ మీద నార్మన్ పేరు కాక, చేసినవారి పేరు, సంవత్సరం, మూల వాద్యం వివరం ఉండాలి. ఈ వాద్యం కూడా ఒకనాడు చేతులు మారుతుంది, విప్పబడుతుంది, మెడ మార్చుకుంటుంది. అప్పుడు దాన్ని బాగుచేసే పనివారికి ఏది మూలం నుంచి వచ్చిందో, ఏది 21వ శతాబ్దపు ఊహో విడదీసి చెప్పగలిగేది ఆ కాగితమూ ఆ చీటీయే.